ఆ బిడ్డను వాకిట నిలుపకుడి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు గ్రామ సంఘములలో ఒక ఉపదేశము తిరుగుచున్నది. అది యోబు స్నేహితులంత పాతది. అయినను నేడు సౌండు బాక్సులతోను రంగుల కరపత్రములతోను క్రొత్త వేషము వేసికొని వచ్చినది. మాటలు రాని బిడ్డ, పిలిచినను పలుకని బిడ్డ, చేతులు ఆడించుచు తనలో తాను నవ్వుకొను బిడ్డ ఒక యింట నుండినయెడల, ఆ బిడ్డలో మూగదయ్యమున్నదట. అది తల్లిదండ్రులు దాచిన పాపమువలన చొచ్చినదట. ఇన్ని శుక్రవారములు ఉపవాసముండి, ఇంత కానుక యిచ్చి, ఈ సీసాలోని నూనె పూసినయెడల విడిచిపోవునట. ఈ ఉపదేశము అబద్ధమని ఈ పత్రికాముఖముగా చెప్పుచున్నాను. మెల్లగా చెప్పవలసినదని కొందరు సహోదరులు నాకు సలహా యిచ్చిరి. మెల్లగా చెప్పినందువలన ఇంతవరకు ఏ తల్లి కమ్మలును ప్రొద్దుటూరు తాకట్టు దుకాణమునుండి తిరిగి రాలేదు.

మొదట ఆ బిడ్డకున్నదేమో తెలిసికొందము. దానిని వైద్యులు ఆటిజము అందురు. 1943వ సంవత్సరములో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి దానినిగూర్చి వ్రాసెను. అంతకుముందును అట్టి పిల్లలుండిరి. పేరు మాత్రమే లేదు. అది అంటువ్యాధి కాదు, శాపము కాదు. బిడ్డ మెదడు ఎదుగు తీరులోనే ఉన్న భేదమది. చాలమట్టుకు పుట్టుకతోనే వచ్చును. అట్టి బిడ్డలలో కొందరు ఎన్నడును మాటలాడరు. కొందరు ఆలస్యముగా మాటలాడుదురు. కొందరు బాగుగనే చదివి ఉద్యోగములు చేయుదురు గాని, నలుగురిలో కూర్చుండుట వారికి ముండ్లమీద కూర్చుండినట్లుండును. మనకు మామూలుగా తోచు శబ్దము వారి చెవికి దెబ్బవలె తగులును. 2021లో లోకమందు 127 మందిలో ఒకరికి ఈ స్థితి యుండెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. ఆ లెక్కను బట్టి మూడువందలమంది గల సంఘములో ఇద్దరైనను ఉండవలెను. మీ మందిరములో ఆ ఇద్దరు కనబడుచున్నారా? కనబడనియెడల వారెక్కడ ఉన్నారు?

ఇంటిలో ఉన్నారు. వారితోకూడ వారి తల్లులును ఉన్నారు.

తల్లిమీద నేరము మోపుట మన పల్లెవారే చేసిన పని కాదు. గత శతాబ్దపు మధ్యకాలమున అమెరికాలోని పెద్ద పండితులే, తల్లి ప్రేమ చల్లబడినందున బిడ్డ ఇట్లాయెనని గ్రంథములు వ్రాసిరి. వేలకొలది తల్లులు ఆ మాట నమ్మి కుమిలిపోయిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఆ వాదమును పుస్తకరూపముగా ఖండించెను. అతడే అట్టి కుమారునికి తండ్రి. తరువాత 1998లో ఒక ఇంగ్లీషు వైద్యుడు తట్టు మొదలగువాటి టీకామీద నేరము మోపెను. 2010లో ఆ వ్యాసమును అచ్చువేసిన పత్రికయే దానిని రద్దుచేసెను. పండితుడు చెప్పినను పాస్టరు చెప్పినను అబద్ధము అబద్ధమే. పండితులు తమ మాట వెనుకకు తీసికొనిరి. మనమెప్పుడు తీసికొందుము? పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా వీని కన్నవారిదా యని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ రెండును కాదనెను. యోహాను తొమ్మిదవ అధ్యాయము మన బైబిళ్లలో నున్నది గదా.

ఇక మార్కు తొమ్మిదవ అధ్యాయమునకు రండి. ఆ ప్రసంగీకులందరు అక్కడికే పరుగెత్తుదురు. మూగదయ్యము పట్టిన ఆ బాలుని కథను చదివి, మాటలు రాని ప్రతి బిడ్డకును దానిని తగిలింతురు. వాక్యమును సరిగా చదువుడి. ఆ బాలుడు నేలబడి నురుగు కార్చుచుండెను, పండ్లు కొరుకుచుండెను, నిప్పులోను నీళ్లలోను పడుచుండెను. మత్తయి అతనిని చాంద్రరోగి యనెను. ఆ కాలమున మూర్ఛరోగికి వాడిన మాట అది. ఆటిజము గల బిడ్డకును ఆ వర్ణనకును పోలిక యేమి? అది అటుంచుడి. ప్రభువు చేసినదేమో చూడుడి. ఇది ఎంతకాలమునుండి సంభవించుచున్నదని తండ్రిని విచారించెను. మంచి వైద్యుడడుగు ప్రశ్న అది. తండ్రి తన అవిశ్వాసమును ఒప్పుకొనగా గద్దింపలేదు. బాలుని చెయ్యి పట్టుకొని లేవనెత్తెను. కొట్టెనా? జుట్టు పట్టి ఊపెనా? రొమ్ముమీద మోకాలు పెట్టెనా? గెరాసేనుల దేశపు మనుష్యునికి గొలుసులు వేసినవారు ఊరివారు, ప్రభువు కాదు.

ఈ మాట కఠినమని తోచువారికి జరిగిన సంగతులు రెండు చెప్పెదను. 2003 ఆగస్టులో అమెరికాలోని మిల్వాకీ పట్టణమందు, ఎనిమిదేండ్ల ఆటిజము గల బాలునిలోనుండి దయ్యమును వెళ్లగొట్టుదునని ఒక ప్రసంగీకుడు ప్రార్థనకూటములో ఆ బిడ్డ రొమ్ముమీద పండుకొనెను. బిడ్డ ఊపిరాడక చనిపోయెను. న్యాయస్థానము ఆ ప్రసంగీకుని జైలుకు పంపెను. ఆ కూటములో పాటలు పాడిరి, ప్రార్థించిరి, అందరును మంచి మనస్సుతోనే యుండిరి. రెండవది మనకు దగ్గరిది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కొరకు తెచ్చి గొలుసులతో బంధించియుంచిన 28 మంది మానసిక రోగులు, పాకకు నిప్పంటుకొనగా పరుగెత్తలేక కాలిపోయిరి. అది మన మతమువారి స్థలము కాదు గదా యని తప్పించుకొనకుడి. గొలుసునకు మతము లేదు. మానసిక రోగిని ఏ విధముగానైనను గొలుసుతో బంధించుట 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. రోగియైనను కాని ఒక బిడ్డను ప్రార్థనపాకలో గుంజకు కట్టుటకు మనకెవరు సెలవిచ్చిరి?

వారి ఉపదేశములో మిక్కిలి హానికరమైన మాట మరియొకటి కలదు. ఆ బిడ్డ తనలో తాను మాటలాడుకొనుట, లేనివానిని ఉన్నట్టు చూచి ఆడుకొనుట, దయ్యముతో సంభాషణ యని వారందురు. ఆ ఆట మాన్పించవలెననియు, దానితోనే దయ్యము పోవుననియు చెప్పుదురు. ఇక్కడ వారు ఆ బిడ్డకు దేవుడిచ్చిన గూటినే పీకివేయుచున్నారు.

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఒక బాలుడున్నాడు. తండ్రి నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో కూలి. బాలునికి తొమ్మిదేండ్లు వచ్చువరకు ఇంటివారితో తప్ప ఎవరితోను ఒక్క మాటయు లేదు. ఇంటిలోను అన్నము, నీళ్లు, వద్దు అను మూడు మాటలే. కాని ఇంటివెనుక చింతచెట్టు క్రింద నాపరాతి ముక్కలు వరుసగా పేర్చి బస్సు చేసికొనును. ప్రొద్దున మొదలుపెట్టినచో ఎండ నెత్తిమీదికి వచ్చువరకు అందులోనే యుండును. జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు, పులివెందుల. ఈ పేర్లు లోగొంతుకతో చెప్పుచు, ఒక్కొక్క ఊరిలో బస్సు ఆపి, కనబడని జనమును ఎక్కించి దించును. ఆ బస్సులోనివారు ఎవరును వానిని తోయరు. ఎవరును కేకలు వేయరు. ఎవరు ఎప్పుడు దిగుదురో వానికి ముందే తెలియును. మన లోకములో వానికి దొరకని నెమ్మది అక్కడ దొరికినది. ఒక ప్రార్థనాపరుడు వచ్చి, ఇది దయ్యముల బస్సు అని చెప్పి, ఆ రాళ్లను కాలితో తన్నివేసెను. బాలుడు రెండు దినములు అన్నము ముట్టలేదు. తల నేలకు కొట్టుకొనెను. చూచితిరా దయ్యము తిరగబడుచున్నదని ఆయన చెప్పెను. ఒకని యిల్లు పడగొట్టినప్పుడు వాడేడ్చినచో దానికి దయ్యము కావలెనా?

తరువాత జరిగినది వినుడి. ఆ ఊరిలో గొర్రెలు మేపుకొను ఒక ముసలాయన యున్నాడు. మన సంఘస్థుడు కాడు. ఆయన ప్రతిదినము ఆ చింతచెట్టు దగ్గర మందను నీడకు తోలును. బాలుడు మరల రాళ్లు పేర్చుకొనుట చూచెను. కొన్ని దినములు ఊరకే దూరమున కూర్చుండెను. ఒక దినము లేచి వచ్చి, ఆ రాళ్ల వరుస వెలుపల నిలువబడి, “కండక్టరప్పా, పులివెందలకు ఒక టికెట్టు ఇయ్యి. తొండూర్లో ఆపుతావా, ల్యాదా?” అనెను. బాలుడు ఆయన ముఖము చూడలేదు. ఒక చింతాకు త్రుంచి ఆయన చేతిలో పెట్టి, “ఆపుతా. ఎక్కు” అనెను. వాని జేజి ఇంటి వాకిటనుండి ఆ మాట విని చేతిలోని చేట పడవేసినదట. ఆ దినమునుండి ముసలాయన నిత్యప్రయాణికుడు. నెలలు గడిచిన కొలది టికెట్టు ధర వచ్చెను, చిల్లర వచ్చెను, చిల్లరతోకూడ లెక్కలు వచ్చెను. నేడా బాలునికి పదునాలుగేండ్లు. మాటలు ఇంకను కొద్దియే. నలుగురు గుమిగూడినచో చెవులు మూసికొనును. కాని వాకిటికి వచ్చినవారిని “కూకో” అనును.

ఆ గొర్రెలకాపరి ఏ శిక్షణాశాలలో చదివెను? వాని లోకమును పడగొట్టక, వాకిట నిలిచి టికెట్టు అడిగెను, అంతే. దేవుడు మనయెడల చేసినదియు ఇదియే గదా. మనలను బలవంతముగా తన మహిమలోనికి ఈడ్చుకొనిపోలేదు. తానే మన మట్టి లోకములోనికి వచ్చి, మన భాష నేర్చి, మనతో కూర్చుండి భోజనము చేసెను. ప్రతి క్రిస్మసునకు దీనిమీద ప్రసంగించు మనము, రాతిముక్కల బస్సు ఎక్కుటకు సిగ్గుపడుదుము.

అమెరికాలో రాన్ సస్కిండ్ అను పత్రికా రచయిత తన కుమారుడైన ఓవెన్‌నుగూర్చి 2014లో ఒక పుస్తకము వ్రాసెను. ఆ బాలుడు మూడేండ్ల ప్రాయమున మాటలు పోగొట్టుకొనెను. పిల్లల బొమ్మల సినిమాలలోనే కాలము గడుపుచుండెను. ఒక రాత్రి తండ్రి దుప్పటి చాటున దాగి, ఆ సినిమాలోని చిలుకబొమ్మను పైకెత్తి, చిలుక గొంతుతో బిడ్డ క్షేమమడిగెను. నాకు స్నేహితులు లేరని బిడ్డ చిలుకతో చెప్పెను. ఈ మాట గుర్తుంచుకొనుడి. కల్పన ఆ బిడ్డకు ఆశ్రయమే. కాని ఆశ్రయములో ఒంటరిగానుండుట వాడు కోరినది కాదు. ఈ పిల్లలకు ఊహాశక్తి తక్కువయని వైద్యులే చాలకాలము వ్రాసిరి. వారు తలుపు తట్టిన చోట తలుపు లేకుండెను, అంతియే.

పశువులను పెంచువారికి మరియొకటి చెప్పెదను. టెంపుల్ గ్రాండిన్ అను ఆమె 1947లో పుట్టెను. ఆలస్యముగా మాటలు వచ్చిన పిల్ల. వేరుగా ఒక సంస్థలో పెట్టుమని తల్లికి సలహా యిచ్చిన, తల్లి ఒప్పుకొనలేదు. కౌమారప్రాయమున బంధువుల పశువుల క్షేత్రమునకు పోయి, సూదివేయుటకు ఆవులను నిలుపు చట్రములో ప్రక్కలనుండి మెల్లగా అదిమినప్పుడు అవి నెమ్మదించుట చూచెను. తనకును అట్టి చట్రమొకటి చేసికొని తన భయమును అణచుకొనెను. తాను మాటలతో గాక బొమ్మలతో ఆలోచింతునని ఆమె చెప్పును. తరువాత పశుశాస్త్రములో ఆచార్యురాలాయెను. పశువులను బెదరింపక నడిపించుటకు ఆమె గీచిన దొడ్ల నమూనాలు ఆ దేశమంతట వాడుకలోనికి వచ్చెను. ప్రతి బిడ్డయు ఆచార్యుడగునని ఆశపెట్టుట నా ఉద్దేశ్యము కాదు. అదియు ఒక విధమైన నూనె సీసాయే. ఆమె చూపును దయ్యమని ఎవరును వెళ్లగొట్టలేదనియే చెప్పుచున్నాను.

ఊహ చెడ్డదని ఆదికాండము ఆరవ అధ్యాయమును చూపువారు కలరు. అక్కడ హెబ్రీ భాషలో యేసెర్ అను మాటయున్నది. అదే మాట యెషయా ఇరువదియారవ అధ్యాయములో దేవునిమీద ఆనుకొనిన మనస్సునకు వాడబడినది. అట్టివానిని దేవుడు సమాధానములో కాపాడునని అక్కడ వ్రాయబడెను. ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు కుమ్మరివలె మనుష్యుని రూపించెనను క్రియయు ఆ ధాతువునుండి వచ్చినదే. చెడ్డతనము జలప్రళయకాలపు మనుష్యులది. రూపించు శక్తి మాత్రము దేవునిది.

అయితే ఇదంతయు చింతచెట్టు నీడవలె చల్లనిదని తలంపకుడి. ఆ యిండ్లలో రాత్రులు నిద్ర యుండదు. బిడ్డ చెప్పకుండ బయటికి నడచిపోవును. నీళ్లన్న చాలమందికి మిక్కువ ఇష్టము. కాలువగట్లును చీనీతోటల బావులును వారికి మృత్యుద్వారములు. తల్లి స్నానమునకు పోవలెనన్న ఎవరైనను కాపలా కావలెను. మన స్త్రీల సహవాసములో నలుబదిమంది పేర్లున్నవి. వారిలో ఆదివారమునకు ఒకరు ఒక గంట ఆ బిడ్డయొద్ద కూర్చుండినచో, ఆ తల్లి సంవత్సరమునకు ఒకసారియైనను ప్రభువు బల్లయొద్దకు రాగలదు. ఉపవాసకూటమునకు మూడు దినములు దొరకును. దీనికి గంట దొరకదు!

మన ఆరాధన శబ్దమునుగూర్చియు చెప్పవలెను. ఇరువది అడుగుల మందిరమునకు నాలుగు సౌండు బాక్సులెందుకో నాకెన్నడును బోధపడలేదు. దేవునికి చెవుడు లేదు. మార్కు ఏడవ అధ్యాయములో చెవుడును నత్తియు గలవానిని ప్రభువు జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయెను. సైగలవలె చేతితో ముట్టి, తెరువబడుమని ఒక్క మాట చెప్పి బాగుచేసెను. గుంపు వానికి భారమని ఆయన ఎరుగును. మనమో, బిడ్డ చెవులు మూసికొని ఏడ్చినచో, తల్లివైపు తిరిగి చూచెదము. ఆ చూపు చాలును. ఆమె మరల రాదు.

నీవు స్వస్థతను నమ్మవా యని నన్నడుగుదురు. నమ్ముదును. ప్రతి రాత్రి ఆ బిడ్డల పేర్లు దేవునియెదుట చెప్పుచున్నాను. కాని స్వస్థత కలిగినగాని చోటు లేదనుట ఎక్కడి సువార్త? రెండవ సమూయేలు తొమ్మిదవ అధ్యాయములో దావీదు మెఫీబోషెతును తన బల్లయొద్ద నిత్యము భుజింపజేసెను. ఆ అధ్యాయపు కడవరి మాటలో కూడ అతడు రెండు కాళ్లు కుంటివాడనియే యున్నది. కాళ్లు బాగుపడిన తరువాత రమ్మని రాజు కబురు పంపలేదు.

జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి లండన్ మిషనువారు పెట్టినది. వైద్యము అవిశ్వాసమని తలంచియుండినయెడల ఆ గోడలు లేచియుండునా? ఏడాది నిండినను పేరు పెట్టి పిలువగా తిరుగని బిడ్డను, ఏడాదిన్నర వచ్చినను వేలితో దేనిని చూపని బిడ్డను మొదట వైద్యునియొద్దకు తీసికొనిపొండు. దీనిని పోగొట్టు మందు లేదు. ఉన్నదని డబ్బడుగువాడు కోటు తొడిగికొన్నను బైబిలు పట్టుకొన్నను మోసగాడే. శిక్షణ మాత్రము కలదు, ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత మేలు. మండలములలో ప్రభుత్వమువారి భవిత కేంద్రములు ప్రత్యేక అవసరములు గల పిల్లల కొరకే పెట్టినవి. మీ మండలపు బడిలో విచారించుడి. వేలూరు క్రైస్తవ వైద్యశాలవారు తల్లిదండ్రులకే శిక్షణ యిచ్చు విభాగమును నడుపుచున్నారు. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ మన భాషలోనే మాటలాడును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేరు పెట్టి చేర్చినది. ధ్రువపత్రము తీసికొనుటకు సిగ్గుపడకుడి.

చివరకు మా సంఘపెద్దలతో నాకున్న వివాదము. ఆ బాలుడు ఈ సంవత్సరము కన్ఫర్మేషను ప్రాయమునకు వచ్చెను. విశ్వాసప్రమాణమును పది ఆజ్ఞలను అప్పగింపలేడు గనుక వానిని చేర్చుకొనరాదని పెద్దలలో కొందరందురు. వానికి బాప్తిస్మమిచ్చిన దినమున మనము వాని జవాబు వినలేదు. తల్లిదండ్రులు చెప్పిరి, సంఘమంతయు పెంచెదమని మాట యిచ్చినది. ఆ మాట నిలుపుకొనక, నేడు వానినే పాఠము అప్పగింపుమనుట న్యాయమా? అప్పగించినవారిలో ఎందరు మరుసటి ఆదివారము కనబడిరో రిజిస్టరు చెప్పును. రొట్టెను చూపి ఇది ఎవరిదని నేనడుగగా, యేసయ్యదని వాడు చెప్పెను, ఎవరికని యడుగగా, “అందరికి. టికెట్టు లేదు” అనెను. పేర్ల పట్టికలో వాని పేరు వ్రాసితిని. ఆ దినమున సౌండు బాక్సులు పెట్టరు. కీబోర్డు వాయించు పిల్లవానితో ముందే చెప్పియున్నాను. అభ్యంతరము గల పెద్దలు ఆరాధనకు ముందు రండి, వాక్యము చేతపట్టుకొని రండి.